అరవై బారలు

మొన్న పంజాగుట్టలో ఒక కర్టెన్ల షాపుకు వెళ్ళాను. గుడ్డ బేరం ముగిసింది, తాడు మిగిలింది. షాపతను టేపు కోసం కౌంటరంతా వెతికాడు. దొరకలేదు. తాడు కొస పట్టుకుని రెండు చేతులూ బార్లా చాపాడు. "ఒకటి, రెండు..." అని లెక్కపెడుతున్నాడు. నాలుగు చాలు కదా అందామని నేను నోరు తెరిచాను. చాచిన ఆ చేతుల మధ్య వేరే మనిషి ఛాతీ కనిపించింది. గళ్ళ చొక్కా, పై గుండీ ఊడిన చోట పిన్నీసు. షాపతను ఎంతంటే అంతకు తీసుకుని రోడ్డు మీదికి వచ్చేశాను. మా నాన్న చూసి ఉంటే జ్వరం తగిలిందేమోనని నుదుటి మీద చెయ్యి వేసేవాడు.

ఎందుకంటే నేను బేరమాడకుండా మంచినీళ్ళు కూడా తాగని మనిషిని. అమీర్‌పేటలో మాది తాళ్ళు, టార్పాలిన్లు, ప్లాస్టిక్ డబ్బాల షాపు. నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి పెట్టాడు. మా ఇంట్లో అంకె అంటే మేడ. కింద అసలు ఇల్లు, పైన ఒక అంతస్తు వేసి చెప్పాలి. వచ్చినవాడు దించుతాడు, మనం మూలుగుతూ దిగుతాం, ఇద్దరం గెలిచామనుకుంటాం. డాక్టరు ఐదు రోజులు మందులు రాస్తే "మూడు రోజులకు సర్దుకోరూ" అనేదాన్ని. బల్కంపేట ఎల్లమ్మకు పదకొండు కొబ్బరికాయలు మొక్కి, పని అయ్యాక ఐదు పెద్దకాయలకు ఖాయం చేశాను. అమ్మవారు ఏమీ అనలేదు. మా లెక్కలో ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే.

నేను చెప్పేది పంజాగుట్టలో ఫ్లై ఓవర్ ఇంకా రాని రోజుల సంగతి. మా సందులో ఆకాశం కనపడకుండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు. కోర్సు అయినవాళ్ళకి ఉద్యోగాలు, ఉద్యోగాలు వచ్చినవాళ్ళకి శని, ఆదివారాలు. ఆ రెండు రోజులూ ఏం చేసుకోవాలో తెలియని వాళ్ళు వేలమంది. మా బావగారికి కృష్ణ ఆనకట్ట వెనకనీళ్ళ ఒడ్డున, నల్లమల అంచున కొంత భూమి ఉంది. అందులో వాళ్ళ కోసం ఎనిమిది అద్దెగదులు కట్టాం. పగలు చేపలు పట్టుకోవచ్చు, సాయంత్రం నీళ్ళకు దిగే జంతువుల్ని చూడొచ్చు. ఎండలు ముదిరితే అడవిలో కుంటలు ఎండిపోయి జింకలూ పందులూ నదికే రావాలి. నీళ్ళు తగ్గి చేపలూ ఒకచోటికి చేరతాయి. అందుకని మా సీజను ఏప్రిల్, మే. దానికి తయారీ అంతా మార్చిలో, మా షాపు పైగదిలో.

ఆ గళ్ళ చొక్కా పెద్దాయన మొదట వచ్చింది కింద షాపుకే, వల అల్లే దారం కోసం. నాన్న ధర చెప్పాడు. ఆయన ఉండను తీసిన చోటే పెట్టి, "ఒస్త సేటు" అని వెళ్ళిపోయాడు. రెండు రోజుల తర్వాత వచ్చి అదే ఉండ చేతిలోకి తీసుకుని, అదే ధర విని, మళ్ళీ పెట్టేశాడు. మూడోసారి నాన్న తట్టుకోలేకపోయాడు.

"ఏంటయ్యా, తగ్గించమని అడగవా?"

"నువ్వు జెప్పినవ్ గద సేటు. నా తాన గంత లేదు."

"చెప్తే మాత్రం? అడగాలి కదయ్యా!"

"అడిగి తగ్గిస్తె, ముందుగాల నువ్వు జెప్పింది అబద్ధమైతది గద."

పాతికేళ్ళ వ్యాపారంలో నాన్న అలాంటి గిరాకీని చూడలేదు. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వి, దారం అసలు ధరకే ఇచ్చి, ఊరూ పనీ అడిగి, పైకి కేకేశాడు. "అమ్మాయ్, నది తెలిసిన మనిషి కావాలన్నావుగా! ఇదిగో, పడవ నడిపినాయన. బేరం మాత్రం బొత్తిగా రాదు. జాగ్రత్తగా వాడుకో."

నేనూ నవ్వాను. "వాడుకో" అన్న మాట అప్పుడు వినపడలేదు.

ఆయన గురించి నాకు తెలిసింది సగమే. ఆ వెనకనీళ్ళ మీద ఏళ్ళ తరబడి సర్కారు పడవ నడిపాడు. ఇప్పుడు బల్కంపేటలో గుడి వెనక కూతురి దగ్గర ఉంటున్నాడు. ఎప్పుడూ చెవి వెనక ఒక బీడీ ఉండేది, వెలిగించగా చూడలేదు. ఇంతే. కానీ ఆయన దోమతెర ఎలా చూసేవాడో అడగండి, పుస్తకం రాస్తాను.

పైగదిలో దూలానికి తెర వేలాడదీసి, మిట్టమధ్యాహ్నం అందులో బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. ట్యూబులైటు వైపు మొహం పెట్టి, వేళ్ళతో తెరను చదువుకుంటూ ఒక్కొక్క కన్నం దగ్గర ఆగేవాడు. పక్క కోచింగ్ సెంటర్ పిల్లలు మెట్ల మీద నిలబడి చూసేవాళ్ళు. "స్వామీజీ ఏ కోర్సు చెప్తారు మేడమ్?" అని ఒకడు అడిగాడు. తెరలోంచి జవాబొచ్చింది: "దోమల కోర్సు. జర ఫీజు ఎక్కువ."

లైఫ్ జాకెట్లను నీళ్ళ డ్రమ్ములో ముంచి తేలేవి తేలనివి వేరుచేసేవాడు. తాడును చెవి దగ్గర పెట్టుకుని లాగి, లోపల పోగు తెగిన చప్పుడు వినేవాడు. గాలాల పెట్టె తెచ్చి చూపిస్తే ముల్లు కొనలన్నీ గోటి మీద గీసి చూశాడు. వచ్చేవాళ్ళు చేపను పట్టి, ఫొటో దిగి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారని చెప్పాను. చేతిలో గాలం పక్కన పెట్టాడు.

"తినరా?"

"తినరు పెద్దాయనా. సరదా."

"చేపతోని పరాష్కమా బిడ్డా? దానికి ఎర్క లేదు గద, పరాష్కమని."

నేను బ్రోషరు రాసుకుంటుంటే పక్కన కూర్చోబెట్టుకున్నాను. చిరుతపులి కనిపిస్తుందా అని అడిగాను. "ఇన్నేండ్లల్ల నేను ఒక్కపారి తోక జూసిన." ఏడాదికి ఒకసారైనా కనిపిస్తుందని రాయనా అన్నాను. "ఒక్కపారి. తోక. జూసినంతే జెప్తున్న." అది ఆయన ఊతపదం. ఏ లెక్క చెప్పినా చివర ఆ ముద్ర పడాల్సిందే. నిన్న రేవు దగ్గర జింకలు నాలుగు, జూసినంతే జెప్తున్న. ఇయ్యాల? ఎర్క లేదు. నేను బ్రోషరులో 'చిరుతల రాజ్యం' అని వేయించాను.

ఇక అసలు సంగతి. ఎండాకాలం నీళ్ళు తగ్గితే మా రేవుకు ఎదురుగా నది మధ్యలో ఇసుకదిబ్బ ఒకటి తేలుతుంది. దాని మీద పిట్టలు గుడ్లు పెడతాయి. బూడిదరంగు ఒళ్ళు, పసుపు ముక్కు, తల మీద నల్లటి టోపీ పెట్టినట్టు. పెద్దాయన వాటిని టోపీవాళ్ళు అనేవాడు. గూడుండదు, ఇసుకలో చిన్న గుంట చేసి అందులోనే పెట్టేస్తాయి.

మొదటి మార్చిలో ఒక పొద్దున ఆయన షాపు ముందు ఫుట్‌పాత్ మీద తాడు కొలవడం మొదలుపెట్టాడు. బారలతో. రెండు చేతులూ చాపి, ఈ చేతి వేళ్ళ కొస నుంచి ఆ చేతి వేళ్ళ కొస దాకా ఒక బార. ఆఫీసు వేళ, జనం తోసుకుపోతున్నారు. ఆయన చేతులు చాపినప్పుడల్లా అమీర్‌పేట ఆయన కోసం ఒక క్షణం ఆగి, పక్కకు తప్పుకుని, మళ్ళీ కదిలేది. ఒక కొస దిబ్బ మీద మేకుకు కట్టి, తాడు ఎంతదూరం సాగితే అక్కడ ఎర్రడబ్బాలు తేలేయాలట. పడవలు ఆ డబ్బాలు దాటకూడదు, వానలు పడేదాకా.

"ఎంత దూరం?" అన్నాను.

"అరవై బారలు."

"అరవై ఎందుకు?"

"యాభైకి పోతె లేస్తయి. అరవైకి లెవ్వయి. జూసినంతే జెప్తున్న."

నేను నాకొచ్చిన పని చేశాను. "ముప్పై" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. "ముప్పై ఏంది బిడ్డా?"

"ముప్పై బారలు పెడదాం. వచ్చేవాళ్ళు కొత్త కెమెరాలు కొనుక్కుని వస్తారు పెద్దాయనా. అంత దూరం నుంచి వాళ్ళకేం కనిపిస్తుంది?"

"నాకు జెప్తే ఏం లాభం? గా పిట్టలకు జెప్పాలె."

"మీరు మరీ బిగిస్తున్నారు."

ఆయన నా మొహంలోకి చూశాడు. అరవై అన్నది నదిలో ఉంది, నేను దాన్ని కౌంటరు మీద పెట్టి బేరమాడుతున్నాను. ఎక్కడైనా అమ్మేవాడు కొంచెం దిగుతాడు, లేకపోతే లేచిపోతాడు. ఈయన దిగడు, లేవడు. చేతులు సగం చాపి అలాగే నిలబడ్డాడు. ఏమీ అనలేదు. మా లెక్క మీకు చెప్పానుగా. కౌంటరు కత్తి తీసుకుని తాడును ముప్పై దగ్గర నేనే కోశాను.

ఏప్రిల్‌లో మొదటి బృందం దిగింది. ఒకే కంపెనీ వాళ్ళు, ఇరవైమంది, అందరికీ ఒకేరకం టోపీలు. పడవ ముప్పై బారల దగ్గర ఎర్రడబ్బాలను ఆనుకుని ఆగింది. దిబ్బ మీది పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. అరుస్తూ మా తలల మీద తిరిగాయి, దూసుకొచ్చాయి, మళ్ళీ లేచాయి. పడవలో ఈలలు, చప్పట్లు. "వావ్, మన కోసమే షో చేస్తున్నాయి!" అంది ఒకమ్మాయి. నేను చుక్కాని దగ్గరున్న పెద్దాయన వైపు గర్వంగా చూశాను. ఆయన తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. ఎండకేమో అనుకున్నాను. అరగంట ఆగాం. మధ్యాహ్నం ఇంకో అరగంట.

మర్నాడు పొద్దున్నే అతిథులు లేవకముందు ఆయన నన్ను దిబ్బకు తీసుకెళ్ళాడు. ఒంగి, ఇసుకలోంచి ఒక గుడ్డు తీసి నా అరచేతిలో పెట్టాడు. ఇసుకరంగు మీద మచ్చలు. చల్లగా ఉంది, బరువుగా ఉంది.

"ఉడికింది బిడ్డా" అన్నాడు.

పిట్ట గుడ్ల మీద కూర్చునేది వెచ్చదనం కోసమనే నేను అనుకున్నాను. ఎండాకాలం ఇసుకలో అది నీడ పట్టడానికట. రొమ్ము తడి చేసుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుందట. అది లేచి అరగంట గాలిలో తిరిగితే కింద ఇసుక పెనం.

అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ చెవుల్లోంచి పోదు. "అన్నీనా? సగమైనా బతకవా?"

శవం పక్కన నిలబడి కూడా నేను సగానికి అడిగాను. ఆయన తిట్టలేదు. ఆ గుడ్డును నా చేతిలోంచి తీసుకుని, దాని గుంటలో దాన్ని, ముందు ఎటు తిరిగి ఉందో అటే పెట్టాడు. ఆ మధ్యాహ్నం ఎర్రడబ్బాలు వెనక్కి జరిపించాను. ఎంత అంటారా? పది బారలు. బుకింగులు మే చివరిదాకా ఉన్నాయి.

మరుసటి మార్చిలో ఆయన రాడనుకున్నాను. వచ్చాడు. దోమతెరలో కూర్చున్నాడు, జాకెట్లు ముంచాడు. తాడు ఉండ తెచ్చి ఫుట్‌పాత్ మీద దొర్లించాడు. నేను మెట్ల మీద నిలబడి, "ఈసారి ఎంత పెద్దాయనా?" అన్నాను.

"నూట ఇరవై బారలు."

"నూట ఇరవయ్యా! పోయినేడు అరవై అన్నారుగా?"

ఆయన తాడు వైపే చూస్తున్నాడు. "ఈసారి నూట ఇరవై."

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇన్నాళ్ళకు మనిషి దారిలో పడ్డాడు. "అరవై" అన్నాను.

"సరె బిడ్డా."

అంతే. వెంటనే చేతులు చాపి కొలవడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. అరవై దాకా లెక్క బయటికే చెప్పాడు. జూసినంతే జెప్తున్న అని మాత్రం ఆ రోజు అనలేదు. నేను గమనించలేదు.

గెలిచిన ఊపులో కిందికి వెళ్ళి నాన్నకు చెప్పాను. నాన్న రసీదు రాస్తున్నవాడల్లా కలం ఆపాడు. "ఒక్క దెబ్బకే సగానికి దిగాడా?"

"ఆహా! మారు మాట్లాడితేనా!"

"అలా దిగాడంటే అమ్మాయ్, అతని అసలు ధర ఆ సగమే. పైదంతా నీకోసం వేసిన అంతస్తు." నాన్న రోడ్డు మీద చేతులు చాపుతున్న ఆయన వైపు చూశాడు. ఈసారి నవ్వలేదు. "ఎవరు నేర్పారో పాపం" అన్నాడు.

అక్కడైనా నాకు అర్థమై ఉండాల్సింది. అర్థమైంది కూడా, కానీ నా పద్ధతిలో. అయ్యో, నలభైకి అడగాల్సింది, అనుకున్నాను. అప్పటికే తాడు కోసేశారు.

ఆ ఏడు పిట్టలు లేవలేదు. అరవై బారల దగ్గర పడవ ఆగితే అవి మమ్మల్ని లెక్కచేయకుండా కూర్చునే ఉన్నాయి. మే మొదట్లో ఇసుకలోంచి ఇసుకే లేచి నడిచినట్టు పిట్టపిల్లలు కదిలాయి. పెద్దాయన పడవలోనే లేచి నిలబడ్డాడు. చెవి వెనక బీడీ తీసి, చూసుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"చూశారా? నా అరవై సరిపోయింది" అన్నాను.

ఆయన నది వైపు తిరిగే చెప్పాడు. "అవ్ బిడ్డా. నీ అరవయ్యే."

మూడో మార్చిలో రాలేదు. వారం చూసి నేనే బల్కంపేట వెళ్ళాను. గుడి వెనక సందు, రేకుల గది, గుమ్మంలో కుట్టుమిషను. ఆయన కూతురు జాకెట్టు కుడుతోంది. నన్నెప్పుడూ చూడలేదు కానీ పేరు చెప్పకముందే పోల్చుకుంది.

"తాళ్ళ దుకాణమక్క గదా? మా నాయిన పోయిండక్కా. చలికాలంల. రెండే రోజులు జరమొచ్చింది."

గోడ మేకుకు సగం అల్లిన వల వేలాడుతోంది. దారం మా షాపుదే. దాన్నే చూస్తూ నిలబడితే ఆమే స్టూలు జరిపింది, నీళ్ళిచ్చింది. నన్ను తేలిక చెయ్యాలనుకుందేమో, నవ్వు తెచ్చుకుంది.

"మీ తానకొచ్చే ముందు ఏం జేసిండో ఎర్కనా అక్కా? పోయినేడు పొద్దుగాలే లేసి గీ గడపల కూసొని ఒకటే మాట. నూట ఇరవై, నూట ఇరవై. సిన్నపోరడు ఎక్కం సదివినట్టు. ఏంది నాయినా అన్న. 'గా బిడ్డకు సగం జేసెటందుకు జాగ ఉండాలె' అన్నడు. నోరు తిరుగుతలేదు పాపం. నడ్మల అరవై అని ఒస్తుండె. మల్ల మొదలు వెడుతుండె."

నేను నీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

"పొద్దుమీకి ఇంటికి రానీకి ఆలిస్యమైంది. యాడికి పోయినవ్ అంటే ఎల్లమ్మ తాన ఆగిన అన్నడు. లెంపలు ఎర్రగున్నయి. అమ్మోరి ముంగట గంతగనం లెంపలేసుకున్నడట. అబద్ధమాడితి బిడ్డా, ముసలితనంల, అన్నడు. పిట్టల కోసమే గదా నాయినా, ఏం ఫికర్ జెయ్యకు అన్న. అయినా ఆ రాత్రి బువ్వ తినలే."

మిషను మీద చెయ్యి అలాగే ఉంచి, ఆమె నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. మొదటి ఏడాది సంగతి ఆయన ఇంట్లో చెప్పినట్టు లేదు. తాడు కోసింది ఎవరో, గుడ్డు ఎవరి చేతిలో పెట్టాడో, ఏదీ.

"మా నాయిన ఉత్తగనే గట్ల భయపడ్డడు గదక్కా? సీదాగ అరవై అనే జెప్తె, మీరు ఇయ్యకపోతుంటిరా?"

చెప్పొచ్చు. అరవై అనే చెప్పాడమ్మా, ముప్పైకి కోశాను అని. రెండు మాటలు. పుట్టి బుద్ధెరిగాక ఎంతోమందితో ఎన్నో మాటలాడిన నోరు ఇది.

"ఇచ్చేదాన్నమ్మా" అన్నాను. "ఎందుకివ్వను."

ఆమె మొహం విప్పారింది. "గదే నేను సుత అన్న" అంది. మిషను మళ్ళీ తిరిగింది.

ఆటోలో వస్తుంటే దారిలో ఎల్లమ్మ గుడి వచ్చింది. ఆపమనలేదు.